ఇత్తడి కీ

ఉప్పుగాలికి ఇనుమే నాలుగు కాలాలు నిలవని చోట ఎవరైనా పచ్చగడ్డి పెంచుతారా? మా ఊరి ఇసుక మీద గెస్ట్‌హౌస్ కట్టినవాళ్ళు పెంచారు. లారీలతో ఎర్రమట్టి తోలించి, చాపల్లాగా చుట్టి తెచ్చిన గడ్డిని దాని మీద పరిచి, రెండు పూటలా మంచినీళ్ళు పట్టించారు. మా ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం ఎండలో నిలబడి ఉంటే ఆ గడ్డి మాత్రం కడుపు నిండా తాగేది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. అయినా ఆ గడ్డి కోసే మిషన్‌కి జబ్బు చేస్తే రావలసింది నా షెడ్డుకే. నేను పడవ ఇంజిన్ల మెకానిక్‌ని. ఇంజిన్ చప్పుడు చెవితో విని రోగం చెప్పగలవాడు ఈ చుట్టుపక్కల నేనొక్కడినేనని జనం అనేవాళ్ళు. నేను కాదనేవాడిని కాను.

ఆ రోజు పొద్దున మిషన్‌ని తోపుడుబండి మీద పెట్టి తోసుకొచ్చింది గెస్ట్‌హౌస్ తోటమాలి. మా వీధివాడే. నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాడిని. ఒకప్పుడు సముద్రం మీద ఆయనకున్న ధైర్యం మా ఊళ్ళో ఎవరికీ లేదు. అప్పటికి ఏడేళ్ళ కిందట ఆయన ఒక్కగానొక్క కొడుకు పీతల వల ఎత్తడానికి పడవలో ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఇరవై రెండేళ్ళవాడు. ఆ తర్వాత అన్న పడవ ఎక్కలేదు. గడ్డికి నీళ్ళు పట్టే పనిలో చేరాడు.

ఆ అబ్బాయి ఇంజిన్‌కి చివరిసారి చెయ్యి పెట్టింది నేను. ఆ చేత్తో ఏం చేశానో అన్నకు తెలియదు, ఊళ్ళో ఎవరికీ తెలియదు, మా ఆవిడకూ తెలియదు. అన్న నా షెడ్డు ముందు నుంచి నడిచి వెళ్ళినప్పుడల్లా ఏదో నట్టు కింద పడినట్టు నేను వంగి వెతుక్కునేవాడిని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే బతుకు అది. ఇంకొకటి కూడా ఉంది. తెల్లవారుజామున పడవలు బయల్దేరేటప్పుడు పడుకునే వింటూ ఉంటాను. ఏ ఇంజిన్ ఎవరిదో నాకు తెలుసు. అన్నీ వెళ్ళిపోయాక ఆఖరున ఒకటి ఎక్కువ వినిపిస్తుంది. కొంచెం దగ్గి, అందుకుని, ఫుల్లుగా లాగి, ఉన్నట్టుండి బరువు వదిలేసినట్టు ఊరికే అరుస్తుంది. అరుపు ఉంటుంది, కదలిక ఉండదు. లేచి కూర్చుంటాను. "ఏంది?" అంటుంది మా ఆవిడ. "దోమ" అంటాను.

సరే, మిషన్ సంగతి.

"ఏమైందన్నా?"

"రాయికి తగిలింది తమ్ముడా. టక్కున ఆగిపోయింది. మళ్ళీ తాడు లాగితే చెయ్యి గుంజేస్తా ఉండాది."

"ఏం రాయి?"

"ఏదో ఇటికరాయి."

ట్యాంకులో పెట్రోలు ఉంది, నీళ్ళు కలవలేదు. ప్లగ్ విప్పి ఇంజిన్ బాడీకి ఆనించి తాడు లాగితే నిప్పు నీలంగా పడింది. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి లాగితే లోపలి గాలి వేలిని తోసేసింది. అంటే పిస్టన్ బాగానే ఉంది. తిండి ఉంది, నిప్పు ఉంది, ఊపిరి ఉంది, అయినా లేవదు. ప్లగ్ బిగించి ఒకసారి గట్టిగా లాగాను. తాడు సగం దాకా వచ్చి నా చేతిని వెనక్కి గుంజింది. భుజం ఊడినంత పనైంది. నిప్పు పడవలసిన క్షణం కంటే ముందే పడుతోందన్నమాట. అప్పటికే నా మనసుకి రోగం తట్టింది. కానీ ముందు కింద బ్లేడు చూడాలి, తగిలింది దానికి కాబట్టి.

ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టాను. ఆ పని చెయ్యకుండా బ్లేడు దగ్గర చెయ్యి పెట్టినవాడు తర్వాత వేళ్ళు లెక్కపెట్టుకోవలసి వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా మిషన్‌ని పక్కకి వాల్చాను. బ్లేడు ఒక కొస వంగింది, అంచు మీద వేలు పట్టేంత సొట్ట. ఆ సొట్టలో రాతిపొడి ఇరుక్కుని ఉంది. గడ్డి పసరు ఆకుపచ్చగా ఉంది, మట్టి ఎర్రగా ఉంది. ఆ రెండూ కానిది ఇంకొకటి, వేలితో గీస్తే గోటికి అంటుకుంది. పసుపు. దాని పక్కన చిన్న కుంకుమ మరక.

"ఇటికరాయికి పసుపు ఎవరు పూసినారన్నా?" అన్నాను. నా నోరు అంతే, ఆగదు.

అన్న డీజిల్ డబ్బా మీద కూర్చున్నాడు. సముద్రం వైపు తిరిగి చెప్పాడు. కొడుకు శవం దొరకలేదు కాబట్టి, వాడు ఆఖరిసారి పడవ నెట్టిన చోట ఒక రాయి నాటి దానికి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. ఆ చోటుకి గెస్ట్‌హౌస్ కంచె వచ్చింది. రాయి కనిపిస్తే పీకి పారేస్తారని, తోటమాలిగా చేరిన వారంలోనే గుంత తవ్వి దాన్ని నేలమట్టానికి దించేశాడు. చుట్టూ గడ్డి పెరిగింది. పొద్దున్నే ఎవరూ లేవకముందు గడ్డి పక్కకి తీసి పసుపు రాసి, మళ్ళీ గడ్డి కప్పేవాడు. మిషన్ నడిపేటప్పుడు ఆ చోటు చుట్టి పోయేవాడు. ఇప్పుడు శ్రీహరికోటలో రాకెట్ వదులుతారని, చూడటానికి గెస్టులు వస్తారని, గడ్డి ఇంకా పొట్టిగా కొయ్యమని మేనేజర్ అన్నాడు. అన్న మిషన్‌ని చక్రాల మీద ఒక మెట్టు కిందికి దించాడు.

"కండ్లు ఆనలా తమ్ముడా. ఎండ. ఆడికి వచ్చేసినానని తెలవలా." నా గోటికి అంటిన పసుపు వైపు చూశాడు. "వాడి నెత్తినే కొట్టినా."

మాట రానప్పుడు నేను పానా పట్టుకుంటాను. బ్లేడు ఊడదీసి, దాని ఇరుసు కొస పక్కన ఒక పుల్ల నిలబెట్టి, చేత్తో మెల్లిగా తిప్పి చూశాను. ఇరుసు పుల్లకి దగ్గరగా రాలేదు, దూరంగా పోలేదు. వంగలేదు. బతికిపోయింది. తర్వాత పైమూత తీసి, ఫ్లైవీల్ నట్టు విప్పి, చెక్కసుత్తితో చుట్టూ మెల్లిగా తట్టి, ఫ్లైవీల్‌ని పైకి లేపాను. అనుకున్నదే. ఫ్లైవీల్‌ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న కీ ఉంటుంది, చిటికెనవేలి గోరంత. అది సగానికి తెగి మెట్టులాగా జరిగి ఉంది. బ్లేడు రాయికి తగలగానే ఇరుసు ఆగింది. పైన బరువైన ఫ్లైవీల్ ఆగలేక ఇంకాస్త తిరిగింది. మధ్యలో ఈ మెత్తటి ముక్క నలిగిపోయింది. అందుకే నిప్పు ముందే పడుతోంది, తాడు చెయ్యి గుంజుతోంది.

అన్న ఆ ముక్కని అరచేతిలో వేసుకుని గోటితో గీసి చూశాడు. పడవల మీద బతికినవాడు, లోహం తెలియనివాడు కాదు.

"ఇంత మెత్తంగా చేసినారేంది? ఇనపది వెయ్యి తమ్ముడా. నువ్వే ఆకురాయి పట్టి చెయ్యి. నీ చేతి కీ తెగదు."

నేను గోడ వైపు తిరిగాను. పానాలు తగిలించే మేకులు లెక్కపెట్టాను. "ఇది తెగాలన్నా. ఇది తెగితేనే ఇరుసు మిగుల్తాది. కావాలనే మెత్తంగా చేస్తారు" అన్నాను.

పడవకి అట్లా కాదు. పడవలో ఇంజిన్‌ని నీళ్ళలోని ఫ్యాన్ షాఫ్ట్‌తో కలిపే చోట కూడా ఇలాంటి కీనే ఉంటుంది. అది తెగకూడదు. తెగితే ఇంజిన్ గర్రుమంటూనే ఉంటుంది, నీళ్ళలో ఫ్యాన్ మాత్రం కదలదు.

దానికి ఏడేళ్ళ ముందు ఒక ఆదివారం సాయంత్రం ఆ అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. కీ అరిగిపోయింది. గూడూరులో స్పేర్ పార్టుల షాపు మూసి ఉంది. పీతల వల సముద్రంలో వేసి అప్పటికి రెండు రోజులు. ఇంకో రోజు ఆగితే పీతలు వలలోనే చచ్చి కుళ్ళిపోతాయి. "చిన్నాయనా, ఏందో ఒకటి చెయ్యి. నువ్వు చేస్తే అయిపోతాది" అన్నాడు. పాత తలుపు ఇత్తడి గడియలోంచి ఒక ముక్క కోశాను. ఆకురాయితో అరగంట అరగదీశాను. గాడిలో దించితే వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చుంది. ఇత్తడి మెత్తన. ఫుల్లుగా లాగితే ఆగదు. ఆ సంగతి నాకు తెలుసు. ఒక్క మాట చెప్పాలి: ఇది మెత్తది, మెల్లిగా తోలు, దూరం పోవద్దు, రేపు మార్చుకుందాం. అంతే మాట. చెప్పబోతున్నాను కూడా. ఇంతలో వాడు ఆ కీని బయటికి తీసి వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, "కంపెనీ దానికన్నా బాగుండాది చిన్నాయనా" అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను. నా పనిలో లోపముందని నా నోటితో నేనే చెప్పుకోవాలా అనిపించింది. ఊరుకున్నాను. వాడు మెల్లిగా తోలే రకం కాదని ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. మర్నాడు దశమి. తెల్లవారుతుండగా పడవ నెట్టాడు.

అప్పటినుంచీ ఒకటే లెక్క వేసుకుంటున్నాను. ఫుల్లుగా లాగితే ఆ ఇత్తడి అరగంట ఆగుతుంది. అరగంటలో వాడు వెళ్ళే దూరం ఒక్కడు తెడ్డు వేసి వెనక్కి రాగల దూరం కాదు. ఆ మధ్యాహ్నం గాలి తిరిగింది, అలలు లేచాయి. పొద్దుగుంకకముందే అయిపోయి ఉంటుంది. ఎన్నిసార్లు వేసినా లెక్క మారదు. ఆ తర్వాత నేను ఏ ఇంజిన్‌కీ నా చేత్తో కీ చెయ్యలేదు. ఎంత అర్జంటు అయినా షాపు కీ తప్ప వెయ్యను. జనం నాకు పొగరెక్కిందన్నారు. అననీ.

గూడూరు షాపుకి ఫోన్ చేశాను. కీ, బ్లేడు రెండూ మధ్యాహ్నం బస్సులో కండక్టర్ చేతికిచ్చి పంపుతామన్నారు. బస్సు వచ్చేదాకా ఇద్దరం షెడ్డులోనే కూర్చోవాలి. మా ఆవిడ అన్నం పంపితే అన్న ముట్టలేదు. నేను కలిపి పెట్టుకుని తినలేక పక్కన పెట్టాను.

"ఊరికే తగల్లా తమ్ముడా. వాడే అడ్డం పడినాడు" అన్నాడు అన్న.

"అదేం మాటన్నా."

"వాడికి మేము రోజు పెట్టలా గదా."

పోయినవాళ్ళకి ఏడాదికొకసారి, పోయిన తిథి నాడు, వాళ్ళకిష్టమైనవి వండి విస్తరి పెట్టడం మాకు ఉంది. శవం దొరకనివాడికి తిథి ఎక్కడిది? అన్న దశమి నాడు పెడదామంటాడు. వదిన ఒప్పుకోదు. దశమి పొద్దున వాడు నా చేత్తో పెట్టిన సద్దన్నం తిని పోయినాడు, ప్రాణంతో ఉన్న రోజున పెట్టమంటావా, నీది తండ్రి గుండేనా అని ఏడుస్తుంది. వెతకబోయిన పడవలు తిరిగొచ్చిన మూడో రోజున పెడదామంటుంది. అది మనం ఆశ వదులుకున్న రోజు, వాడి రోజు కాదంటాడు అన్న. ఏటా ఇదే తగువు. చివరికి ఏ రోజూ కాకుండా, భాద్రపదంలో అమావాస్య నాడు ఊరివాళ్ళంతా పెద్దలకి పెట్టుకునేటప్పుడు వాడికీ ఒక ముద్ద పెడతారు.

"ముసిలోళ్ళతో పాటు. ముక్కూ మొకం తెలవనోళ్ళతో పాటు" అన్నాడు. "కన్నకొడుక్కి వాడి రోజున వాడి విస్తరి లేదు. ఆకలితో తిరగతా ఉండాడు. అందుకే అడ్డం పడినాడు. నేను పోయేలోపల వాడి రోజు తెలుసుకోవాల తమ్ముడా. నాకింకేం వద్దు."

ఆ రోజు ఏదో తెలిసినవాడు ఆయనకి మూరెడు దూరంలో, ఒళ్ళో తెగిన కీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇంక దాచలేననిపించింది.

"అన్నా, వాడి ఇంజిన్‌కి ఆ ముందురోజు కీ చేసింది నేను. ఇత్తడితో చేసినా. అది ఆగేది కాదు."

అన్న నా వైపు తిరిగాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. నిజం చెప్పడానికి తెరిచిన నోటిలోంచే తర్వాతి మాట కూడా వచ్చింది.

"వాడికి చెప్పినా అన్నా. మెత్తది, మెల్లిగా పో, రేపు మార్చుకుందామని మరీమరీ చెప్పినా."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అతికింది.

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. పక్కనే పెద్ద పానా ఉంది. అన్న దాన్ని చూడనైనా లేదు. అడిగింది ఇంకొకటి.

"మెల్లిగా తోలితే ఎంతసేపు ఆగుతాది?"

"ఏంది?"

"ఆ ముక్క. ఇంజిన్లు తెలిసినోడివి గదా. మెల్లిగా తోలితే ఎంతసేపు ఆగుతాది?"

"మెల్లిగా అయితే... ఒక పూట ఆగుతాది" అన్నాను. అది నిజమే. మెల్లిగా తోలి ఉంటే ఆగేది.

"నీ మాట వాడు జవదాటడు. నువ్వు చెప్పినావంటే మెల్లిగానే పోయుంటాడు." అన్న వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. వల దగ్గరికి చేరేసరికి ఇంత పొద్దెక్కుతుంది. వల ఎత్తి పీతలు విడదీసేసరికి మధ్యాహ్నం. బరువుతో, ఎదురుగాలికి తిరిగి రావాలి. "అప్పుడు తెగుంటాది. సాయంత్రం. తెడ్డు వేసుంటాడు. రెక్కల్లో బలమున్నోడు తమ్ముడా, రాత్రంతా వేసుంటాడు. తెల్లారేదాకా లొంగుండడు." ఆఖరి వేలు మడిచి, ఆ పిడికిలిని రెండో చేత్తో పట్టుకున్నాడు. "ఏకాదశి. ఏకాదశి చావు అందరికీ రాదు. మీ వదిన చెప్పిందే నిజం, దశమి కాదు."

ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది. ఏడేళ్ళలో ఆ మొహం అట్లా చూడలేదు నేను. అప్పుడు చెప్పాలి. లేదన్నా, నేను వాడికి చెప్పలేదు, వాడు ఎప్పటిలాగే ఫుల్లుగా లాగాడు, అరగంటలో తెగింది, నీ ఏకాదశి తప్పు, వాడిది దశమే అని. చెబితే నా సంగతి అటుంచి, రాత్రంతా తెడ్డు వేసిన కొడుకుని కూడా ఆయన దగ్గర్నుంచి లాక్కోవాలి. నేను ఇంకా నోరు తెరుద్దామా వద్దా అనుకుంటూ ఉండగానే బస్సు హారన్ వినిపించింది.

కొత్త కీ గాడిలో పెట్టాను. ఫ్లైవీల్ దించి నట్టు బిగించాను, కొత్త బ్లేడు వేశాను, ప్లగ్ వైరు తగిలించాను. ఒక్క లాగుకి అందుకుంది. మిషన్‌ని చక్రాల మీద ఒక మెట్టు పైకి ఎత్తి, "ఆ చోట ఇట్టనే పోనీ, మేనేజర్ అడిగితే ఇరుసు వంగుతాదని నేను చెప్పినానను" అన్నాను. అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ తప్పేం లేదు తమ్ముడా. నువ్వు చెప్పినావు. వాడి రాత" అన్నాడు. బండి తోసుకుంటూ వెళ్ళాడు, ఇంటికే ముందు.

ఆ ఏడాది నుంచి ఏకాదశి నాడు పెడుతున్నారు. నన్ను తప్పకుండా పిలుస్తారు. ఏకాదశి అయినా వాడికిష్టమని వదిన చేపల పులుసు వండుతుంది. విస్తరి బయట పెట్టగానే కాకులు వచ్చి వాలతాయి. చూసినావా, ఎట్టా తింటా ఉండాడో అని వదిన కళ్ళు తుడుచుకుంటుంది. కాకులు ఏ రోజు పెట్టినా తింటాయని నేను అనను. లోపల మొదటి విస్తరి నాకే వేస్తారు. నీ వల్లే నా బిడ్డకి ఒక రోజు దొరికిందని వదిన తన చేత్తో వడ్డిస్తుంది, వద్దన్నకొద్దీ వడ్డిస్తుంది. మెతుకు మిగల్చకుండా తింటాను.

అంతకు ముందు రోజు దశమి. ఆ రోజు వాళ్ళింట్లో ఏమీ ఉండదు, వదిన మర్నాటికి బియ్యం ఏరుకుంటూ ఉంటుంది. అది వాడి రోజని తెలిసినవాడిని నేనొక్కడినే కాబట్టి ఆ విస్తరి పెట్టవలసినవాడిని కూడా నేనే. ఇప్పటిదాకా పెట్టలేదు. పెడితే ఎవరికని మా ఆవిడ అడుగుతుంది.